మీటింగ్ గదికి ఏది మేలు: గోడకు అమర్చిన వ్యవస్థా, వెంట తెచ్చుకునే ల్యాప్‌టాపా?

ఒకే బల్ల చుట్టూ కూర్చున్నవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఏ పరికరమూ అక్కరలేదు. మీటింగ్ గదిలోకి కెమెరాలు, మైకులు, పెద్ద తెరలు వచ్చి చేరింది ఆ గదిలో లేనివారి కోసం. కాబట్టి రెండు పద్ధతులలో ఏది మేలో తేల్చడానికి నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే: బల్ల చివరి కుర్చీలో కూర్చున్న వ్యక్తి మామూలు గొంతుతో అన్న మాట, దూరాన ఉన్న సహోద్యోగికి తడుముకోకుండా అర్థమవుతోందా?

మొదటి పద్ధతిలో కెమెరా, మైకులు, స్పీకర్లు, తెర, వాటిని నడిపే చిన్న కంప్యూటరు గదిలోనే స్థిరంగా ఉంటాయి; బల్ల మీది టచ్ ప్యానెల్‌లో ఒక్కసారి నొక్కితే సమావేశం మొదలవుతుంది. 2005లో హెచ్‌పీ హేలో, 2006లో సిస్కో టెలిప్రెజెన్స్ వచ్చినప్పుడు ఈ సౌకర్యం కోసం గదినే ప్రత్యేకంగా తీర్చిదిద్దవలసి వచ్చేది. జూమ్ రూమ్స్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ రూమ్స్ వంటివి దానిని మామూలు గదులకు తెచ్చాయి. రెండవ పద్ధతిలో గదిలో ఉండేవి తెర, దాని కింద కెమెరా, మైకు, స్పీకరు కలిసిన ఒక బార్, ఒక కేబుల్ మాత్రమే. ఎవరు సమావేశం నడుపుతారో వారి ల్యాప్‌టాప్‌కు ఆ కేబుల్ తగిలిస్తారు.

మొదలుపెట్టే సౌలభ్యంలో స్థిర వ్యవస్థదే పైచేయి. కేబుల్ వెతుక్కోవడం, ల్యాప్‌టాప్ తన సొంత మైకునే పట్టుకుని బార్‌ను వదిలేయడం, తెర మీద ఎవరిదో సొంత సందేశం అందరి ముందూ ప్రత్యక్షం కావడం వంటి చిక్కులు అందులో ఉండవు. అయితే ఒక సంస్థ సాఫ్ట్‌వేర్‌కు కట్టుబడిన గది నుంచి మరొక సంస్థ సమావేశంలోకి అతిథిగా చేరవలసి వచ్చినప్పుడు కొన్ని సదుపాయాలు అందకపోవచ్చు. బయటివారితో రకరకాల వేదికల మీద మాట్లాడవలసిన బృందానికి ల్యాప్‌టాప్ ఇచ్చే స్వేచ్ఛ చిన్నదేమీ కాదు.

అసలు తేడా మాత్రం శబ్దంలో ఉంది. కొనేవారు ఎక్కువగా చూసేది తెర కొలతను, కెమెరా నాణ్యతను. బొమ్మ కాసేపు మసకబారినా సమావేశం సాగుతుంది. మాట తెగితే ఆగిపోతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని తీవ్రత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కన, అర మీటరు దూరంలోని మనిషి కోసం రూపొందిన ల్యాప్‌టాప్ మైకుకు 4 మీటర్ల అవతలి నుంచి నేరుగా చేరే గొంతు సుమారు 18 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది. గదిలోనైతే గోడలు తిప్పికొట్టిన ధ్వని అంతగా తగ్గదు గనుక, అసలు మాట ఆ ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. పైగా రొదను తీసివేయడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్, దూరాన వినిపించే మెల్లని గొంతును కూడా ఒక్కొక్కసారి రొదగానే లెక్కకట్టి కోసేస్తుంది. చివరి కుర్చీలో కూర్చునేది తరచుగా కొత్తగా చేరినవారు, గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేనివారు. యంత్రం వారి మాటనే మింగేయడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. సమావేశపు మాటలను తనంతట తానే రాసి పెట్టే సదుపాయం వచ్చాక ఈ నష్టం రెండింతలైంది: సరిగ్గా వినబడని మాట ఆ రాతలోకి తప్పుగా ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు.

బల్ల మీదనో పైకప్పులోనో మైకులు అమర్చుకోగల స్థిర వ్యవస్థ ఈ దూరాన్ని తగ్గిస్తుంది. స్పీకరులోకి ఏ ధ్వని పంపుతున్నదో దానికి తెలుసు గనుక, మైకులోకి తిరిగి వచ్చే ఆ ధ్వనిని గుర్తుపట్టి తీసివేస్తుంది. బార్ ఒక్కటే పనిచేస్తున్నంతవరకు రెండవ పద్ధతిలోనూ ఇది సాధ్యమే. కానీ అదే గదిలో మరొకరు తమ ల్యాప్‌టాప్‌తో అదే సమావేశంలో చేరి, మైకూ స్పీకరూ తెరిచి ఉంచితే, ఒకదాని ధ్వని మరొకదానిలోకి దూరి చెవులు చిల్లులుపడే కూత మొదలవుతుంది. ఇక నాలుగు వైపులా అద్దాలు, వట్టి నేల ఉన్న గదిలో ఎంత మంచి మైకైనా తడబడుతుంది. అక్కడ తివాచీ, కర్టెన్లు, ధ్వనిని పీల్చే పలకలు చేసే మేలు కొత్త కెమెరా చేయలేదు.

కెమెరాల సంగతి ఇంత లోతైనది కాదు. మాట్లాడేవారి ముఖాన్ని దగ్గరగా చూపే ఏర్పాటు ఇప్పుడు రెండు పద్ధతులలోనూ దొరుకుతోంది.

మన్నికలో ల్యాప్‌టాప్ పద్ధతికి బలముంది. స్థిర వ్యవస్థ ఆయుష్షు పరికరం మీదే కాక, దాని తయారీదారు అందించే సాఫ్ట్‌వేర్ మీద కూడా ఆధారపడుతుంది. గూగుల్ 2016లో ప్రకటించిన, మీటింగ్ గదుల కోసం చేసిన 55 అంగుళాల డిజిటల్ రాతబోర్డు జామ్‌బోర్డ్‌కు సేవలు 2024 డిసెంబరు 31తో ముగిశాయి. యూఎస్‌బీ బార్‌కు ఆ బెడద తక్కువ. దానికి తగిలించే ల్యాప్‌టాప్ మారినా అది సాధారణంగా పనిచేస్తూనే ఉంటుంది.

అందువల్ల నలుగురైదుగురు కూర్చునే చిన్న గదికి ల్యాప్‌టాప్, మంచి బార్ చాలును. అక్కడ స్థిర వ్యవస్థ అనవసరపు బరువు. ఎనిమిది మంది దాటే గదిలో, అందులోనూ దూరం నుంచి రోజూ ఎవరో ఒకరు చేరే చోట, స్థిర వ్యవస్థే మేలు. అయితే అవసరమైనప్పుడు ల్యాప్‌టాప్ కూడా తగిలించి అవే మైకులను వాడుకోగలిగే రకాన్నే ఎంచుకోవాలి. ఏది కొన్నా, డబ్బు చెల్లించే ముందు ఒకరు మరొక అంతస్తుకు వెళ్ళి సమావేశంలో చేరాలి. మిగిలినవారు ఒక్కొక్క కుర్చీలో కూర్చుని, గొంతు పెంచకుండా, కాగితం మీది అంకెలు చదవాలి. అవతల ఉన్నవారు విన్న అంకెలను రాసుకుని వచ్చి, ఏ కుర్చీ దగ్గర తప్పాయో చూసుకోవాలి.