పచ్చి చెక్క అడితిలోనే ఆరబెట్టిస్తున్నారా? వెళ్లి బరకం ఎత్తి చూడండి

"కవరింగ్ చార్జీ 6,000" అన్న రశీదు ముందు పెట్టుకుని రాస్తున్నాను. గాజువాక వైపు అడితి, పేరు రాయను. మధురవాడలో ఇంటి పని కోసం మే నెలలో పచ్చి మామిడి పలకలు 40 కొన్నాను, ఇంచు మందం. మా దగ్గర చోటు లేదంటే అడితి యజమాని "ఇక్కడే పేర్చి కప్పుతాం, ఆరాక పట్టుకెళ్లండి" అన్నాడు. అన్నీ కలిపి 44 వేలు.

నిన్న మేస్త్రిని తీసుకుని వెళ్లాను. నీలం బరకం నేల దాకా దించి చుట్టూ తాడుతో బిగించేశారు. ముడి విప్పి ఎత్తగానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది, పులిసిన వాసన. బరకం లోపలంతా నీటి చుక్కలు. పలకల మధ్య గాలి ఆడేందుకు పెట్టే చెక్క పట్టీ ఒక్కటీ లేదు. పై రెండూ అతుక్కుపోయి ఉంటే మేస్త్రి ఉలి దూర్చి విడదీశాడు. తెల్ల బూజు. వేలితో తుడిస్తే కింద నల్లగా, నీలంగా చారలు.

"ఇదేటండీ" అంటే కుర్చీలోంచి లేవలేదు. "వాన పడకుండా కప్పమన్నారు, కప్పాం. చెక్కన్నాక బూజు పట్టదేటి? చిత్రిక పడితే పోద్ది." పైబూజు పోతుంది. లోపలికి దిగిన నీలం మచ్చ పోదు. ఆ మాటే మేస్త్రి చెప్పబోతే "నువ్వు నీ పని చూసుకోరా" అన్నాడు. అరవై ఏళ్ల మనిషిని, నా ఎదురుగా! డబ్బు కన్నా ఆ "రా" నాకు ఎక్కువ మండుతోంది.

తప్పు నాదీ ఉంది. నాలుగు నెలల్లో ఒక్కసారి వెళ్లి చూడలేదు. ఉతికిన బట్టలే ఆరని వానాకాలం, పైగా సముద్రపు గాలి. నాకు తట్టాల్సింది.

కప్పాల్సింది పైన మాత్రమేనండీ. రేకు చుట్టూ అడుగు బయటికి వచ్చేలా వేసి బరువు పెట్టాలి, పక్కలు గాలికి వదిలేయాలి. చెక్కలో తేమ 20 శాతం లోపుకి దిగేదాకా బూజు భయం ఉంటుంది, చుట్టూ మూసేస్తే ఆ తేమ ఎటు పోతుంది? నేలకి అడుగున్నర ఎత్తులో పేర్చాలి. వరసకీ వరసకీ మధ్య ఇంచు పట్టీలు, ఒకదాని మీదకి ఒకటి నిలువుగా రావాలి. ఇవన్నీ రశీదు మీద రాయించుకున్నాకే డబ్బులివ్వండి.

పనికొచ్చేవి 11 ఏరి తెచ్చాం. మిగతావాటి కోసం రేపు మళ్లీ వెళ్తున్నాను, ఈసారి మా తమ్ముడూ వస్తాడు.