మా ఊరి సచివాలయం: కౌంటర్‌కి నాలుగు స్టార్లు, పంచాయతీ అధికారాలకి ఒకటిన్నర

ఇంటి పన్ను నాన్న పేరు నుంచి అమ్మ పేరుకి మార్పించాలి, పనిలో పనిగా తమ్ముడికి ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలి. ఈ రెండింటికీ మా గ్రామ సచివాలయానికి వెళ్లాను. గుంటూరు జిల్లాలో ఓ మాదిరి ఊరు, పేరు వద్దులెండి.

ముందు మంచి చెప్తా. డిజిటల్ అసిస్టెంట్ అమ్మాయి ఆధార్ చూసి, ఓటీపీ అడిగి, ఇన్‌కమ్ సర్టిఫికెట్ దరఖాస్తు ఎక్కించి రశీదు చేతిలో పెట్టింది. వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) విచారణ, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), ఆపైన తహసీల్దార్ ఆమోదం, అన్నీ ఆన్‌లైన్లోనే నడిచి ఆ వారంలోనే మెసేజ్ వచ్చేసింది. ఒకప్పుడు ఇదే కాగితానికి బస్సెక్కి మండలాఫీసుకి పోయి, 'సారు మీటింగ్‌కి వెళ్లారు' అనిపించుకుని వచ్చేవాళ్లం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఇదే. ఇంటి పన్ను పని పంచాయతీ కార్యదర్శి చూశారు, దానికీ పెద్దగా తిప్పలేదు. సర్వర్ డౌన్ అన్న మాట మాత్రం వినక తప్పదు, మధ్యాహ్నం పూట మరీనూ.

చిక్కంతా పంచాయతీ దగ్గరే. శ్మశానానికి పోయే దారి గుంతలు పడి ఏడాది దాటింది, ఎలాగూ వచ్చాను కదా అని సర్పంచ్ గారిని అడిగాను. ఆయన ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని పిలిచి "ఏమయ్యా, ఆ దారి సంగతి చూడు" అన్నారు. ఆ కుర్రాడు మర్యాదగానే "ఏఈ గారు చెప్తే ఎస్టిమేట్ వేస్తానండి" అన్నాడు. ఏఈ అంటే అతని పైన ఉండే అసిస్టెంట్ ఇంజనీరు. అంతే, అక్కడితో సరి. అతన్ని తప్పుపట్టలేం, జీతం ఇచ్చేది, బదిలీ చేసేది సర్పంచ్ కాదు మరి. ఊరి నర్సు ఏఎన్ఎం ఆరోగ్యశాఖ మాట వింటుంది, వీఆర్వో తహసీల్దార్ మాట. కుర్చీలన్నీ ఒకే హాల్లో, పైఅధికారులు మాత్రం ఎవరికి వాళ్లే. మనం ఓటేసి గెలిపించిన మనిషికి అందులో ఒక్కరి మీదా గట్టి పట్టు లేదు. 2021లో సచివాలయ సిబ్బందిపై అజమాయిషీ వీఆర్వోలకి ఇస్తూ ప్రభుత్వం జీవో తెస్తే, సర్పంచుల అధికారాలకి గండి కొడుతోందన్న కేసులో హైకోర్టు దాన్ని సస్పెండ్ చేసింది కూడా.

ఇది ఒక్క ప్రభుత్వం చేసిన పని అనుకోకండి, మూలం రాజ్యాంగంలోనే ఉంది. స్థానిక ప్రభుత్వం రాష్ట్ర జాబితాలోని అంశం. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన 73వ సవరణ తాగునీరు, రోడ్లు, ప్రాథమిక విద్య లాంటి 29 అంశాలతో 11వ షెడ్యూల్ పెట్టింది గానీ, వాటి మీద పంచాయతీకి ఎంత అధికారం ఇవ్వాలో 243జీ అధికరణలో శాసనసభ ఇష్టానికే వదిలేసింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు మాత్రం తప్పనిసరి. అదైనా జరిగిందా? మన దగ్గర 2018 ఆగస్టులో పదవీకాలం అయిపోతే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో, అప్పటిదాకా సర్పంచుల బదులు ప్రభుత్వం పెట్టిన స్పెషల్ ఆఫీసర్లే. తెలంగాణలో 2024 మొదట్లో సర్పంచులు దిగిపోతే 2025 డిసెంబరు దాకా అదే కథ.

డబ్బు సంగతి ఇంకా అన్యాయం. 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం పంచాయతీలకి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చుపెట్టాలన్నారు, సరే బాగానే ఉంది. మిగతాదాంట్లోనైనా దారి వేయిద్దామంటే, కేంద్రం పంపిన సొమ్ముని రాష్ట్ర ప్రభుత్వం పంచాయతీల కరెంటు బాకీల కింద మళ్లించేసిందని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కాల్సి వచ్చింది.

కేరళలో కూడా ఇదే రాజ్యాంగం. 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి ఇస్తామన్నారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నీ, వ్యవసాయ ఆఫీసునీ పంచాయతీ చేతికి అప్పగించారు. ఇక్కడ మనకి ఆఫీసు ఊళ్లోకి వచ్చింది, అధికారం మాత్రం అమరావతి దాటలేదు.

వెళ్లేవాళ్లు ఆధార్‌కి లింకైన ఫోన్ వెంట తీసుకెళ్లండి, ఉదయమే వెళ్లండి. రోడ్డు పని అయితే కౌంటర్లో అర్జీ ఇచ్చి ఊరుకోకుండా గ్రామసభలో అడిగి తీర్మానంలో రాయించండి, ఎస్టిమేట్ ఎక్కడ ఆగిందో మండలంలో నిలదీయడానికి ఆ తీర్మానం కాపీ పనికొస్తుంది.