ఎనిమిది వేల ఏడు వందల రూపాయల గిటారు, అర మిల్లీమీటరు తప్పు

ఎనిమిదేళ్లుగా వాయిస్తున్న గిటారు గురించి రాస్తున్నాను. దీని కొలతలు, చెక్క రకం ఏ దుకాణంలో అడిగినా చెబుతారు కాబట్టి ఆ జోలికి పోను. కంపెనీ పేరు కూడా చెప్పను. నాకు తగిలిన లోపం ఈ ధరలో వచ్చే ఏ గిటారులోనైనా ఉండవచ్చు, అదే ఫ్యాక్టరీలో నాదాని పక్కనే తయారైనదాంట్లో లేకపోనూవచ్చు. నా కోపమంతా ఒక్క వస్తువు మీద. గిటారు మెడ చివర, బిరడల దగ్గర, తీగలన్నీ ఆనుకుని దాటిపోయే తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. రెండంగుళాలు కూడా ఉండదు. దాన్ని నట్ అంటారు. రెండున్నరేళ్లపాటు నాకు సంగీతం అబ్బదని నన్ను నమ్మించింది ఆ ముక్కే.

2017 జూన్‌లో విశాఖపట్నం వెళ్లి కొన్నాను, ఎనిమిది వేల ఏడు వందలకు. నేను విజయనగరంలో లెక్కల మాస్టారిని. ఆదివారం ఉదయం మా చర్చిలో పాటలకు వాయిస్తాను. అంతకుముందు వాయించే కుర్రవాడు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోతే ఆ పని నా మెడకు చుట్టుకుంది. హార్మోనియం ఎలాగూ వచ్చు, గిటారు ఎంతలే అనుకున్నాను. కొన్న కొత్తలో కనబడినవాళ్లందరి దగ్గరా దీన్ని తెగ పొగిడాను. నాదం గట్టిదని, మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా వినిపిస్తుందని, ఈ డబ్బుకు ఇంతకంటే మంచిది దొరకదని చెప్పి ఇద్దరి చేత ఇదే కొనిపించాను. నాదం గురించి అన్నమాట ఇప్పటికీ నిజమే. మిగతా మాటలు అంత తొందరపడి అని ఉండాల్సింది కాదు.

నెల తిరగకుండానే తంటా మొదలైంది. జీ, డీ కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలు నొక్కే పట్లు, చక్కగా పలికేవి. సీ కార్డు పట్టగానే ఏదో అపస్వరం. ఎఫ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, చూపుడు వేలితో ఆరు తీగలనూ అదిమితే రెండు పలికేవి, నాలుగు మూగబోయేవి. వేలి మీద తీగ పడిన గాడి సాయంత్రం దాకా పోయేది కాదు. మా కీబోర్డు వాయించే అమ్మాయి మొహమాటంగా, "అన్నయ్యా, ఒకసారి శ్రుతి చూసుకుంటారా?" అనేది. చూసుకునేవాడిని. శ్రుతి కొలిచే ట్యూనర్‌లో ఆరు తీగలకూ పచ్చదీపం వెలిగేది. మళ్లీ సీ పట్టగానే ఆ అమ్మాయి ముఖం ముడుచుకునేది.

ఎవరిని అడిగినా సాధన చేయమన్నారు. చేశాను. పిల్లల పేపర్లు దిద్దడం పక్కన పెట్టి మరీ చేశాను. ఒకరు తీగలు సన్నవి వేసుకోమన్నారు. వేశాను. నొప్పి కాస్త తగ్గింది, నాదం కూడా తగ్గింది, అపస్వరం మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ఆడవాళ్లు ఎత్తుకునే పాటలకు శ్రుతి పెంచాలి కాబట్టి రెండో ఫ్రెట్ దగ్గర, అంటే మెడ మీది లోహపు మెట్లలో రెండోదాని దగ్గర, తీగలన్నిటినీ అదిమిపట్టే కేపో అనే బిగింపు పెట్టేవాడిని. కేపో ఉన్నంతసేపూ గిటారు వెన్నలా ఉండేది. అదే సీ కార్డు ఆకారం, అవే వేళ్లు, చక్కటి నాదం. కేపో తీసేస్తే మళ్లీ మొదటికే. పైకి వెళ్లేకొద్దీ ఫ్రెట్ల మధ్య దూరం తగ్గుతుంది కదా, అందుకే సులువేమోనని సరిపెట్టుకున్నాను. రోజూ పిల్లలకు కారణం రాయమని చెప్పేవాడిని, కళ్లెదుట ఉన్న కారణాన్ని రెండున్నరేళ్లు చూడలేదు. కేపో పెట్టగానే నట్‌తో పని ఉండదు, తీగ కేపో దగ్గరే మొదలవుతుంది. అంటే లోపం నట్ దగ్గరే ఉందన్నమాట. నట్ మీద తీగ కూర్చునే గాడి తగినంత లోతుగా లేకపోతే తీగ మొదటి ఫ్రెట్‌కు చాలా ఎత్తులో ఉంటుంది. అక్కడ నొక్కినప్పుడు తీగ సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది. విడితీగ సరిగ్గా ఉంటుంది, నొక్కిన తీగ శ్రుతి తప్పుతుంది. సీలో, ఎఫ్‌లో, ఏ మైనర్‌లో మొదటి ఫ్రెట్ నొక్కాలి. జీలో, డీలో ఆ అవసరం లేదు. లెక్క అంతే.

అడగడానికి మనిషి లేడా అంటే, చిత్రంగా, లేడు. ఫిడేలు నాయుడుగారు, అంటే ద్వారం వెంకటస్వామినాయుడు గారు, పాఠాలు చెప్పిన ఊరు ఇది. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఇక్కడుంది. ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. అక్కడ చదివే ఒక కుర్రవాడికి గిటారు చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "మా ఫిడేలుకు మెట్లే ఉండవు మాస్టారూ, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెబుతుంది" అన్నాడు. బాగు చేయిద్దామంటే విశాఖ వెళ్లాలి, అక్కడ వారం రోజులు వదిలేయమన్నారు. ఆదివారానికి ఏం చేయను?

2020 ఫిబ్రవరిలో బొబ్బిలిలో మా దగ్గరి బంధువుల పెళ్లి. పాటలకు నేనే కాబట్టి గిటారు భుజాన వేసుకుని బస్సెక్కాను. గజపతినగరం, రామభద్రపురం మీదుగా పొద్దున్నే దిగిపోయాను. పెళ్లి సాయంత్రం. మధ్యాహ్నం ఊసుపోక గొల్లపల్లి వెళ్లాను. బొబ్బిలి వీణలు తయారయ్యే ఊరు. ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి (మెడ) కలిపి చేసే ఏకాండి వీణలు చూద్దామనే తప్ప నా గిటారు గురించి ఆలోచనే లేదు. అరుగు మీద కొత్తగా చెక్కిన పనస పొట్టు పసుపు రాశిలా పోసి ఉంది, తియ్యటి వాసన. పెద్దాయన ఒకరు దండి మీద నల్లటి మైనం అద్ది మెట్లు కూర్చుతున్నారు. ఒక్కో మెట్టు పెట్టడం, తీగ మీటడం, వినడం, వెంట్రుకవాసి జరపడం. ఇరవై నాలుగు మెట్లు అలాగే.

నా భుజం మీది సంచి చూసి ఆయనే అడిగారు, ఏమిటది, తీయమని. తీశాను. ఒళ్లో పెట్టుకుని, ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు మెడ వెంబడి చూశారు. తర్వాత మూడో ఫ్రెట్ దగ్గర తీగను ఎడమ బొటనవేలితో అదిమి, మొదటి ఫ్రెట్ మీద గోరుతో తట్టారు. టిక్, టిక్ మని తీగ కిందికి దిగి ఫ్రెట్‌కు కొట్టుకుంది.

"చూశారా, ఎంత దూరం దిగుతోందో? తగిలీ తగలనట్టు ఉండాలి ఇక్కడ. మేరువు ఎత్తుగా వదిలేశారు. ఇంత ఎత్తున తీగ పెడితే ఎవరు నొక్కినా శ్రుతి ఎక్కుతుంది."

వీణకు మేరువు అనేదే గిటారుకు నట్. ఆ సందులో నా జేబులోని విజిటింగ్ కార్డులు రెండు కలిపి పట్టాయి. ఒక కాగితం పడితే చాలట. పెళ్లి సాయంత్రమే ఉందని చెప్పి, ఏమైనా చేయగలరా అని అడిగాను.

"ఇది మా పని కాదు మాస్టారూ. పాడైతే నన్ను అనకూడదు మరి" అని ఒకటికి రెండుసార్లు చెప్పి, పెట్టెలోంచి సన్నటి ఆకురాయి తీశారు. తీగ వదులు చేసి గాడిలోంచి పక్కకు తప్పించడం, మూడు రుద్దులు రుద్దడం, తెల్లటి పొడి ఊదేయడం, తీగ మళ్లీ బిగించి మూడో ఫ్రెట్ నొక్కి గోరుతో తట్టడం. చప్పుడు తగ్గిందంటే ఇంకొక్క రుద్దు. అలా ఆరు తీగలకూ గంటసేపు. మధ్యలో ఒకసారి ఫ్రెట్ల మీద వేలు పోనిచ్చి, "మీదానికి మెట్లు దిగ్గొట్టేశారు, ఇక వినే పనే లేదు" అన్నారు, కాస్త జాలిగానే. డబ్బు వద్దన్నారు. బలవంతం మీద రెండు వందలు తీసుకున్నారు.

ఆ అరుగు మీదే సీ కార్డు పట్టాను. ఏమని చెప్పను! మెత్తగా దిగింది వేలు. అప్పటిదాకా నేను వినని గిటారు అది. ఎఫ్ కూడా పట్టాను, ఆరింట్లో అయిదు తీగలు పలికాయి. ఆరోది నా చేతకానితనం, నట్‌ది కాదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కీబోర్డు అమ్మాయి, "అన్నయ్యా, కొత్తది కొన్నారా?" అని అడిగింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది గానీ, తర్వాత సంగతులు కూడా రాయాలి. నెల తర్వాత రెండో తీగ విడిగా మీటినప్పుడు గరగరలాడటం మొదలైంది. ఆ ఒక్క గాడి వెంట్రుకవాసి ఎక్కువ దిగిపోయింది. పెద్దాయనది తప్పనను, అలవాటు లేని వాయిద్యం, పైగా నేను తొందరపెట్టాను. గాడి ఎక్కువ అరిగితే మామూలుగా నట్ మార్చేస్తారు. నేను వంటింట్లోని తినే సోడా చిటికెడు గాడిలో వేసి, మీద ఒక్క చుక్క సూపర్ గ్లూ వేశాను. రాయిలా గట్టిపడింది. దాన్ని మళ్లీ సన్నగా అరగదీశాను. అయిదేళ్లుగా నిలిచి ఉంది. అందంగా ఏమీ ఉండదు, పన్ను నింపినట్టు ఉంటుంది.

నట్ ఒక్కటే అన్నీ సరిచేయదన్నది కూడా ఆ తర్వాతే తెలిసింది. వానాకాలంలో మెడ కొద్దిగా ముందుకు వంగుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే నాకు హాయి. ఆగస్టు వచ్చేసరికి మూడు దాటిపోతుంది. గిటారుతో పాటు వచ్చిన ఎల్ ఆకారపు తాళం దీనికే. మెడ లోపలి ఇనుప కడ్డీని దానితో పావు చుట్టు బిగిస్తే దిగుతుంది. పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పకండి. ఆ తాళాన్ని నేను మూడేళ్లు కుర్చీలు బిగించడానికి వాడాను.

2022 డిసెంబరులో కాస్త చేయి తిరిగిందన్న ధీమాతో ఇరవై ఆరు వేలు పెట్టి ఇంకో గిటారు కొన్నాను. పైపలక అతుకుల ప్లైవుడ్ కాదు, అసలు స్ప్రూస్ చెక్క. చలికాలమంతా దాని నాదం వింటుంటే పాతదాన్ని అటకెక్కించేద్దాం అనిపించింది. జులై వచ్చింది. ఇలాంటి చెక్కకు గాలిలో తేమ యాభై శాతం అటూ ఇటూ ఉండాలంటారు. మా ఊళ్లో వానలు పట్టాక ఆ అంకె కంటికి కనబడదు. పైపలక తేమ పీల్చి తీగల రెండో కొస ఆనే బ్రిడ్జి వెనక పొట్ట పెట్టింది, దాంతో తీగలు పైకి లేచాయి. పొరలన్నీ ఒకదానికొకటి అడ్డంగా అంటించిన ప్లైవుడ్ అంతగా ఉబ్బదు, పాతది నిబ్బరంగానే ఉంది. అందుకని ఇప్పుడు ఖరీదైనది తేమ పీల్చే పొట్లాలతో సంచిలో నిద్రపోతుంది, డిసెంబరు పాటలకు లేస్తుంది. మిగతా ఏడాది చర్చిలో పాతదే. నాదంలో రెండోదే మేలు, సందేహం లేదు. గదికి ఏసీ ఉన్నవాళ్లు నా మాట పట్టించుకోనక్కర్లేదు.

ఎంత పెట్టాలని మా పాటల బృందంలోని ఇంటర్ పిల్లలు అడుగుతుంటారు. ఒక అబ్బాయి మూడు వేల రెండు వందలకు ఒకటి తెచ్చుకున్నాడు. దాని నట్ ఎంత రుద్దినా లాభం లేకపోయింది, ఎందుకంటే ఫ్రెట్లే ఎగుడుదిగుడు. ఏడో ఫ్రెట్ నొక్కితే ఎనిమిదోది పలుకుతుంది. అందుకే వాళ్లకు ఎనిమిది నుంచి పన్నెండు వేల మధ్య చూడమంటాను, ఒక వెయ్యి విడిగా ఉంచుకుని నట్, బ్రిడ్జి సరిచేయించుకోమంటాను. దుకాణంలో మూడో ఫ్రెట్ నొక్కి మొదటి ఫ్రెట్ మీద తట్టి చూడమంటాను. ఇది వారానికి రెండు గంటలు, ఫ్యాను కింద, మైకు ముందు వాయించేవాడి లెక్క. సంగీతమే బతుకుతెరువు అనుకునేవాళ్ల లెక్క వేరు. ఎడమచేతి వాటం వాళ్లకు ఏం చెప్పాలో నాకు అసలే తెలియదు.

గతంలో నా మాట విని ఇదే గిటారు కొన్న ఇద్దరిలో ఒకరిది మొదటి నుంచీ బాగానే ఉంది, నట్ సరిగ్గా వచ్చింది. రెండో ఆయన మానేశారు, వేళ్లు నొప్పని. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు బీరువా మీది నుంచి దించి చూశాను. టిక్, టిక్ మంది. వచ్చే వారం ఆకురాయి తీసుకుని వస్తానని చెప్పి వచ్చాను. సోడా వాళ్లింట్లో ఉంటుంది, సూపర్ గ్లూ కొనాలి.