నాలుగేళ్ల పాలిషింగ్ మిషన్, ఒక నల్ల కారు, కాజీపేట దుమ్ము

మా వెర్నా నల్లది. 2018లో షోరూంలో ఆ నలుపు చూసి మురిసిపోయి తీసుకున్నాను. నల్ల కారు వాడినవాళ్లు ఒక్కరైనా ముందే వద్దని ఉంటే తెల్లది తీసుకునేవాణ్నేమో. రెండేళ్లు తిరిగేసరికి, రాత్రి పెట్రోల్ బంకులో ఎల్‌ఈడీ లైట్ల కింద ఆపితే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపించేవి. ఎటు నిలబడి చూసినా లైటు చుట్టూ గుండ్రంగానే ఉండేవి. నిజానికి అవి గుండ్రటి గీతలు కావట. అన్ని దిక్కుల్లో ఉన్న తిన్నటి గీతల్లో, లైటును మన కంటివైపు తిప్పేవి మాత్రమే మెరుస్తాయి, అందుకే చక్రంలా అనిపిస్తుంది. ఇది తెలిసేనాటికి నేను చాలా డబ్బులు వదిలించుకున్నాను.

ఈ సమీక్ష ఒక డీఏ పాలిషర్ గురించి. డీఏ అంటే డ్యూయల్ యాక్షన్, ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కకు ఊగుతుంది. 2021 దసరాకు ముందు ఆన్‌లైన్‌లో కొన్నాను. ఈ నాలుగేళ్లలో మా కారుకు మూడుసార్లు పూర్తిగా, చుట్టాల కార్లకు ఐదారుసార్లు వాడాను. కంపెనీ పేరు రాయడం లేదు. అచ్చం అదే మిషన్‌ను వేరే రెండు పేర్లతో కూడా చూశాను, పేరు చెప్పి ఉపయోగం లేదు.

మిషన్ కంటే ముందు సంగతి ఒకటుంది. 2020 చివర్లో ఒక డీటెయిలింగ్ షాపులో పెయింట్ కరెక్షన్ (గీతలు తీయడం), పైన సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పూత, మూడేళ్ల గ్యారంటీ అంటే పద్నాలుగు వేలు కట్టాను. "అన్నా, కొత్త బండి లెక్క చేసి ఇస్తా" అన్నాడు షాపు తమ్ముడు. అన్నట్టే ఇచ్చాడు, బానెట్‌లో మొహం చూసుకోవచ్చు. నెలన్నరలో నాలుగుసార్లు కడిగేసరికి సాలెగూడు మళ్లీ వచ్చేసింది. పైగా ఎండలో కొత్త రోగం ఒకటి, పొడవాటి అలల్లాంటి మెరుపు, మనం కదిలితే అదీ కదులుతుంది. దాన్ని హోలోగ్రామ్ అంటారు. ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి, గట్టి కాంపౌండ్‌తో, అంటే అరగదీసే పేస్టుతో కొట్టి, మెత్తటి ప్యాడ్‌తో రెండో చుట్టు వేయకుండా వదిలేస్తే వచ్చేది అదే. గీతలేవీ పోలేదు, కాంపౌండ్‌లోని నూనెలు వాటిలో నిండి కప్పేశాయి, అంతే. షాంపూ నీళ్లకు నూనె పోయింది, గీత బయటపడింది. మరి పైన కోటింగ్ వేశాడా, వేస్తే ఆ నూనె మీదే వేశాడా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. గ్యారంటీ కార్డు పట్టుకుని వెళితే "నీళ్లు మంచివి కావు సార్" అన్నాడు. అన్న కాస్తా సార్ అయ్యాను.

మీరు షాపులో చేయించుకుంటే ఒక్క పని చేయండి. పాలిష్ అయ్యాక, కోటింగ్ వేయకముందు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో ఒక ముక్క తుడిపించి టార్చి వేసి చూడండి. నూనె లేకుండా బానెట్ ఎలా ఉందో అదే అసలు పని.

పాలిష్ అంటే పైన ఏదో పూస్తారనే నేనూ అనుకునేవాణ్ని. పూయడం తర్వాత సంగతి, ముందు అరగదీస్తారు. కరీంనగర్ వైపు గ్రానైట్ యూనిట్లు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. రాయిని ముందు గరుకుదానితో, తర్వాత అంతకంటే సన్నదానితో, అలా మెట్టు మెట్టుగా అరగదీస్తే చివరికి నున్నగా మెరుస్తుంది. 1163లో కట్టిన మన వేయిస్తంభాల గుడిలో స్తంభాల నునుపు చూడండి, అదీ అరగదీతే. కాకపోతే స్తంభం అడుగుల మందం ఉంటుంది. కారు మీద ప్రైమర్, రంగు, దానిమీద క్లియర్ కోట్ అనే రంగులేని పొర, అన్నీ కలిపినా చాలావరకు 100 నుంచి 140 మైక్రాన్లే. తల వెంట్రుక ఒకటి సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే లెక్క వేసుకోండి. మనం ముట్టుకోగలిగింది పైనున్న క్లియర్ కోట్ ఒక్కటే, అది 35 నుంచి 50. గట్టి కాంపౌండ్‌తో ఒక చుట్టు కొడితే అందులో రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. ప్రతి దీపావళికీ మిషన్ పాలిష్ చేయించే మహానుభావులు మా వీధిలోనే ఉన్నారు, వాళ్లకు ఈ లెక్క చెప్పి తిట్లు తిన్నాను.

ఇక నా మిషన్. ప్యాడ్ అంటించే ఐదు అంగుళాల ప్లేటు, 15 మిల్లీమీటర్ల ఊగు, ఆరు స్పీడ్లు. మొదటి ఆదివారం బానెట్ మీద గంటసేపు తిప్పినా ఒక్క గీత పోలేదు. తప్పు నాదే. గట్టిగా అదిమితే బాగా కోస్తుందనుకున్నాను. ఈ రకం మిషన్‌ను అదిమితే ప్యాడ్ తిరగడం ఆగిపోయి ఊరికే వణుకుతుంది. ప్లేటు అంచున నల్ల మార్కర్‌తో ఒక గీత గీసుకున్నాక గానీ ఆ సంగతి కంటికి ఆనలేదు. గీత తిరుగుతుంటే పని జరుగుతున్నట్టు, ఆగితే చేయి వదులు చేయాలి. బానెట్, టాప్, డిక్కీ లాంటి సమంగా ఉన్న చోట హాయిగా తిరుగుతుంది. డోర్ హ్యాండిల్ చుట్టూ, బంపర్ మలుపుల్లో ఊరికే ఆగిపోతుంది, అక్కడ మూడు అంగుళాల ప్లేటు కావాల్సిందే. అది విడిగా కొనుక్కోవాలి, డబ్బా మీద మాత్రం ఆ మాట ఉండదు.

అలవాటయ్యాక పని ఇలా సాగుతుంది. అడుగున్నర చదరంలో, ప్యాడ్ మీద శనగగింజంత కాంపౌండ్ నాలుగు చుక్కలు. తక్కువ స్పీడులో పరిచి, నాలుగో ఐదో నంబరుకు పెంచి, నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి, నత్త నడిచినట్టు నెమ్మదిగా. అలా నాలుగైదుసార్లు వెళ్లి మైక్రోఫైబర్‌తో తుడిచి, టార్చి వేసి చూడటం. మొత్తం కారుకు నాకు రెండు నిండు రోజులు పడుతుంది. ముందే ఒక మూల చిన్న ముక్క మీద అన్నిటికంటే మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెట్టి చూస్తాను. దానికే గీతలు పోతే గట్టి కాంపౌండ్ డబ్బా మూత కూడా తీయను. సమయం శీతాకాలం మాత్రమే. మే నెలలో మా దగ్గర రేకు మీద చేయి పెట్టలేం, కాంపౌండ్ పెట్టీ పెట్టగానే ఎండి పొడైపోతుంది. రబ్బరు బీడింగులకు టేపు వేయడం మర్చిపోతే తెల్లటి మరకలు నెలల తరబడి వెక్కిరిస్తాయి.

అసలు చాకిరీ పాలిష్‌కు ముందే ఉంది. మా ఇల్లు కాజీపేటలో రైలు పట్టాలకు దగ్గర. ఢిల్లీ వైపు, సికింద్రాబాద్ వైపు, విజయవాడ వైపు లైన్లు కలిసే జంక్షన్ కాబట్టి రాత్రీ పగలూ బండ్లే. బ్రేకులు, చక్రాలు, పట్టాలు అరిగి వచ్చే ఇనుప రజను గాలిలో వచ్చి పెయింట్ మీద కూర్చుని తుప్పు పట్టి గుచ్చుకుంటుంది. కారు కడిగి, వేళ్లకు పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద నిమరండి, ఇసుక కాగితంలా తగులుతుంది. దానిమీదే మిషన్ పెడితే ఆ రజనును మనమే రుద్దినట్టు. అందుకే ముందు ఐరన్ రిమూవర్ కొడతాను. రెండు మూడు నిమిషాల్లో ఇనుముతో కలిసి, నేరేడు పండు పిసికినట్టు ఊదా రంగు ధారలు కారుతాయి. కుళ్లిన గుడ్ల వాసన. మొదటిసారి అమ్మ ముక్కు మూసుకుని గుమ్మంలోకి వచ్చి "బర్రెకు గిట్ల సేవ చేస్తే రెండు లీటర్లు ఎక్కువిచ్చేది కదరా" అంది. ఆ తర్వాత క్లే బార్, మెత్తటి మట్టి ముద్ద లాంటిది. షాంపూ నీళ్లు చల్లుకుంటూ జారిస్తే మిగిలిన గరుకూ పోతుంది. క్లే కింద పడితే దాని ఆశ వదులుకోవాలి, మట్టి అంటిన ముక్క మళ్లీ వాడితే కొత్త గీతలే.

మిషన్ మీద ఫిర్యాదులు ఉన్నాయి. రెండో ఏడు ప్లేటు మీద వెల్క్రో వేడికి ఊడి, తిరుగుతున్న ప్యాడ్ ఎగిరి గోడకు కొట్టుకుంది. కొత్త ప్లేటు తెప్పించుకోవాల్సి వచ్చింది. మూడో ఏడు మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగాయి. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌కు పంపమంది, నేను వరంగల్‌లో మోటార్ వైండింగ్ చేసే అతని దగ్గర అరిగిన జత చూపిస్తే ఐదు నిమిషాల్లో సరిపోయే జత తీసి వేశాడు. వైరు పొట్టిది. గంట పని చేస్తే రాత్రికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు, ఒకసారి ఇన్వర్టర్ మీద ఆన్ చేస్తే అది కుయ్యోమని ఇల్లంతా చీకటి చేసింది. ఇన్ని చెప్పినా, మోటారు మాత్రం మొండిది. నాలుగేళ్లు నా చేతిలో బతికింది.

దానివల్ల జరిగిన నష్టం కూడా రాయాలి. జనగామలో ఉండే మా పెద్దనాన్న కొడుకు, అన్నయ్యది ఎర్ర హ్యాచ్‌బ్యాక్. "నాది కూడా మెరిపియ్యి తమ్మీ" అంటే ఉత్సాహంగా వెళ్లాను. ఎడమవైపు ఫెండర్ అంతకుముందు ఎప్పుడో డెంటింగ్, పెయింటింగ్ అయిందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మలుపు గీత మీద మూడోసారి వెళ్లేసరికి తెల్ల ప్యాడ్ ఎర్రబడింది. క్లియర్ కోట్ ఉన్న కారుకు ప్యాడ్ మీద రంగు వచ్చిందంటే పైపొర దాటి లోపలికి దిగామని. అంచుల మీద పెయింట్ సహజంగానే పల్చగా ఉంటుంది, అక్కడ మిషన్ ఆనించకుండా టేపు వేయాలి. నాకు తెలుసు, అయినా వేయలేదు. ఫెండర్ మళ్లీ పెయింట్ చేయించడానికి మూడున్నర వేలు నేనే ఇచ్చాను. అన్నయ్య వద్దన్నాడు, వదిన మాత్రం అనలేదు.

ఆ తర్వాత పాత కార్ల వ్యాపారం చేసే దోస్తు దగ్గర పెయింట్ మందం కొలిచే మీటరు అడిగి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. వాళ్లు యాక్సిడెంట్ బండి పట్టుకోవడానికి వాడతారు, పుట్టీ పెట్టిన చోట అంకె వందల్లోకి ఎగురుతుంది. అది మొత్తం మందమే చెబుతుంది గానీ క్లియర్ కోట్ విడిగా చెప్పదు, ప్లాస్టిక్ బంపర్ మీద అసలు పలకదు. అయినా ధైర్యం. మా బానెట్ మొదట 112 చూపించింది, మూడు పాలిష్‌ల తర్వాత 106. ఇంకోసారి పూర్తి పాలిష్ చేయను.

చేయాల్సిన అవసరమూ తగ్గింది, అదెలాగంటే, గీతలు ఎవరు వేస్తున్నారో దొరికింది. మా వీధిలో పొద్దున్నే ఒకతను కార్లు తుడుస్తాడు. పన్నెండు కార్లు, ఒకటే బకెట్, ఒకటే గుడ్డ. నెలకు ఐదు వందలు. రాత్రి పడిన దుమ్మును ఆ గుడ్డతో రోజూ రుద్దించుకుని, దాన్ని తీయడానికి ఏడాదికోసారి నేను క్లియర్ కోట్ అరగదీస్తున్నాను. మానేయమంటే అతని ఐదు వందలు పోతాయి. చివరికి అద్దాలు, టైర్లు, లోపల మ్యాట్లు చాలు, పెయింట్ ముట్టుకోకు, డబ్బులు అంతే ఇస్తా అన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఇప్పుడు వారానికోసారి నేనే ముందు నురుగు కొట్టి, నీళ్లతో దుమ్ము దించి, ఒక బకెట్‌లో షాంపూ, ఇంకో బకెట్‌లో చేతితొడుగు జాడించే నీళ్లు పెట్టుకుని కడుగుతున్నాను. గీతలు రావడం ఆగిపోలేదు గానీ బాగా తగ్గింది.

కోటింగ్ మీద రెండు ముక్కలు. షాపుల బోర్డుల మీద 9హెచ్ అని రాసేది పెన్సిల్ గట్టిదనంతో పోల్చిన పరీక్ష, రాయి తగిలినా ఏమీ కాదని దానర్థం కాదు. నీళ్లు ముత్యాల్లా నిలవడం చూడ్డానికి బాగుంటుంది, కానీ మా బోరు నీళ్లలో ఆ ముత్యం ఎండితే అంచున సున్నపు గుండ్రం మిగులుతుంది. వెంటనే ఆరబెట్టకపోతే కోటింగ్ ఉన్న కారుకే మరకలు ఎక్కువ కనబడతాయి. నేను మూడు నెలలకోసారి స్ప్రే సీలెంట్ కొట్టి ఊరుకుంటున్నాను. పక్కింటి మామిడి చెట్టు పూతకొచ్చినప్పుడు తేనెమంచు పురుగు కార్చే జిగటకు ఏ కోటింగూ అడ్డుపడలేదు, కారు పక్కకు పెట్టుకోవడమే.

ఖర్చు చూస్తే మిషన్, ప్యాడ్లు, కాంపౌండ్లు, చిన్న ప్లేటు, అన్నయ్య ఫెండర్ కలిపి ఇరవై వేలు దాటింది. డబ్బు మిగలాలని కొనేవాళ్లు ఆగండి. రెండు రోజులు ఓపిగ్గా ఒక్క పని మీద కూర్చోగలిగితే, నల్ల కారుంటే, ఇది నచ్చుతుంది. తెల్ల కారుకు నేనైతే కొనను.

ఒక్కచోట మాత్రం ఈ మిషన్‌ను వాడలేకపోయాను. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లి వచ్చాం. తాడ్వాయి దాటాక బండి రంగు కనిపించలేదు, డిక్కీలో అమ్మ తులాభారం వేయించగా మిగిలిన బంగారం, అదే బెల్లం, కరిగి మ్యాటుకు అంటుకుంది. ఎక్కడో టీకి ఆగినప్పుడు మేనల్లుడు డిక్కీ మూత మీద దుమ్ములో వేలితో సమ్మక్క అని రాశాడు. ఇంటికొచ్చి కడిగాక దుమ్ము పోయింది, అక్షరాలు పోలేదు. వేలి కింద ఇసుక క్లియర్ కోట్‌ను గీకేసింది. గోరుకు తగలనంత పైపై గీతలు, సన్న పాలిష్‌తో పది నిమిషాల పని. మిషన్ ప్లగ్గు పెడుతుంటే అమ్మ బయటికొచ్చింది. "తల్లి పేరు మీద మిషన్ పెడ్తవా?" అంది. ప్లగ్గు తీసేశాను. సాయంత్రం ఎండ పడమటి నుంచి పడ్డప్పుడు ఆ మూడక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు.