కారు తాళం చెవులన్నీ పోతే: షోరూమా, తాళాలు చేసేవాళ్లా?

ఒక చెవి పోయి రెండోది చేతిలో ఉంటే ఎవరి దగ్గరికెళ్లినా పని తేలికే. రెండూ పోతేనే తేడా తెలుస్తుంది.

షోరూమ్‌వాళ్లు రిజిస్ట్రేషన్ కాగితాలు, గుర్తింపు కార్డు చూసి, ఛాసిస్ నంబరుతో కంపెనీ నుంచి కీ కోడ్ (చెవి పళ్లను ఎలా కోయాలో చెప్పే నంబరు) తెప్పిస్తారు. కోత కచ్చితంగా ఉంటుంది. కానీ చెవి రావడానికి రోజులు పట్టొచ్చు, కదలని బండిని లాగించుకెళ్లే ఖర్చూ మీదే.

కార్ల తాళాలు చేసేవాళ్లు బండి దగ్గరికే వస్తారు. డోరు తాళంలోని కోత లోతులు చదివి, అక్కడే బ్లేడు (చెవిలోని లోహపు భాగం) కోసి, డ్యాష్‌బోర్డు కింది ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్‌తో కలిపే సాకెట్) ప్రోగ్రామర్ అనే పరికరం తగిలించి, చెవిలోని చిప్‌ను ఇమ్మొబిలైజర్‌లో (తెలియని చెవితో ఇంజిన్ స్టార్టవ్వకుండా ఆపే వ్యవస్థ) నమోదు చేస్తారు. ఖర్చు సాధారణంగా తక్కువే. చిక్కల్లా బ్యాటరీతోనే: వోల్టేజి పడిపోతే ప్రోగ్రామింగ్ మధ్యలో ఆగి కారులోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పాడవ్వొచ్చు. వోల్టేజి పడిపోకుండా నిలిపే సపోర్టు ఛార్జర్ బ్యాటరీకి పెట్టకుండా మొదలుపెట్టనివ్వకండి. చిప్ సరిగ్గా నమోదు కాకపోతే తలుపు తెరుచుకుంటుంది, ఇంజిన్ మాత్రం స్టార్టవ్వదు.

పుష్ బటన్ స్మార్ట్ కీ ఉన్న కొత్త మోడల్ అయితే నా ఓటు షోరూమ్‌కే. మామూలు చిప్ చెవికి తాళాలు చేసేవాళ్లే మేలు. ఎక్కడ చేయించినా పోయిన చెవులను ఇమ్మొబిలైజర్ మెమరీలోంచి తీసేయించండి. అయినా పాత బ్లేడుతో తలుపు తెరుచుకుంటుంది కాబట్టి, చెవి దొంగ చేతిలో పడిందనుకుంటే డోరు తాళాలు కూడా మార్పించాలి.