ఆగిపోయే డర్ట్ బైక్: ముందు ట్యాంక్ వైపు చూడాలా, కార్బ్యురేటర్ విప్పాలా?

బైక్ ఆగగానే చాలామంది చేయి నేరుగా కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) మీదికే పోతుంది. నా ఓటు మాత్రం ముందు ట్యాంక్ వైపుకే. (కార్బ్యురేటర్ లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ బైకుల సంగతి వేరు.)

ఖర్చు: ట్యాంక్ వైపు మహా అయితే కొత్త పెట్రోలు, ఒక ఫిల్టర్. కార్బ్యురేటర్ విప్పితే క్లీనర్, గాస్కెట్లు, ఒక్కోసారి జెట్లు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలున్న ఇత్తడి ముక్కలు) కూడా.

శ్రమ: ట్యాంక్ వైపు అయితే, ట్యాంక్ క్యాప్ మీది గాలి గొట్టంలోంచి లోపలికి గాలి వెళ్తోందా, కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె (బౌల్) కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే పెట్రోలు ధారగా వస్తోందా, కాసేపటికే సన్నబడుతోందా అని చూడటం, అంతే. కార్బ్యురేటర్ విప్పడానికి సగం రోజు పోవచ్చు.

రిస్క్: మొదటిదాంట్లో పెట్రోలు ఒలుకుతుంది, కాబట్టి ఇంజిన్ చల్లారాక, నిప్పుకు దూరంగా చేయండి. రెండోదాంట్లో ఇత్తడి జెట్లకు స్క్రూడ్రైవర్ పెట్టే గాడి ఇట్టే చెడిపోతుంది, తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ లాగుతుంది, ఆ తర్వాత పాత జబ్బేదో కొత్త జబ్బేదో తెలీదు.

ఎప్పుడు ఏది: కాసేపు బాగా నడిచి ఆగి, క్యాప్ తీయగానే మళ్లీ స్టార్ట్ అయితే గాలి గొట్టాన్నే అనుమానించండి. ఐడిల్‌లో ఆగిపోతూ చోక్ లాగితేనే నిలబడుతుంటే పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోలు ఇచ్చే చిన్న జెట్) మూసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు విప్పండి. నెలల తరబడి పాత పెట్రోలుతో పడున్న బైకైతే రెండూ తప్పవు.