అమీర్‌పేట ఇంగ్లిష్ కోర్సు: పాఠం బంగారం, పుస్తకం తప్పుల తడక

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సంస్థలో రెండు నెలల సాయంత్రపు బ్యాచ్‌ను ఈమధ్యే పూర్తి చేశాను. ఫోన్ సంభాషణలు, ఇంటర్వ్యూ పాఠాలు ఎక్కడైనా ఉండేలాగే ఉన్నాయి కనుక వాటి గురించి రాయవలసినది పెద్దగా లేదు. గెలుపు, ఎదుగుదలలకు సంబంధించిన మాటల కోసం కేటాయించిన అయిదో వారం సంగతి వేరు. ఆ వారం మా మేడమ్ చెప్పిన పాఠంతోనే నేను కట్టిన ఫీజు గిట్టుబాటయింది. చేతికిచ్చిన పుస్తకం మాత్రం ఆ పాఠానికి అడుగడుగునా అడ్డుపడింది.

సక్సీడ్, థ్రైవ్, ఫ్లరిష్, ప్రాస్పర్ అనే నాలుగు మాటలకూ ఎదురుగా ఆ పుస్తకంలో ‘విజయం సాధించు’ అని ఒకే అర్థం అచ్చువేశారు. దీనివల్ల జరిగే నష్టం మొదటి రోజే బయటపడింది. మేడమ్ బోర్డు మీద ‘మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సక్సీడెడ్ హిజ్ ఫాదర్ ఇన్ 1911’ అని రాసి తెలుగులో చెప్పమంటే, మాలో సగం మందిమి ‘తండ్రి మీద గెలిచాడు’ అన్నాం. హైదరాబాద్ నిజాం మహబూబ్ అలీ ఖాన్ మరణించాక ఆయన కుమారుడు గద్దెనెక్కాడన్నదే ఆ వాక్యంలోని సంగతి. సక్సీడ్‌కు మూలమైన లాటిన్ మాటలో ఒకరి తరువాత మరొకరు రావడమనే అర్థం ఉందనీ, వారసుణ్ని సక్సెసర్ అనడం అందుకేననీ ఆవిడ ఓపికగా వివరించారు. నేను రాసిన ‘ఐ సక్సీడెడ్ టు గెట్ ద లోన్’ అనే వాక్యంలో ‘టు గెట్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పైన ‘ఇన్ గెటింగ్’ అని దిద్దారు. ‘టు గెట్’ ఉండి తీరాలంటే సక్సీడెడ్ తీసేసి ‘మేనేజ్డ్’ పెట్టుకోమన్నారు. పదిహేనేళ్లుగా ఆఫీసు ఉత్తరాల్లో ఈ తప్పు రాస్తున్నా నాకు ఎవరూ చెప్పలేదు.

థ్రైవ్ దగ్గర పాఠం ఇంకా బాగా సాగింది. మా బ్యాచ్‌లో పిల్లల వార్డులో పనిచేసే నర్సు ఒకామె ఉన్నారు. కేసు షీట్లలో ‘ఫెయిల్యూర్ టు థ్రైవ్’ అని కనిపిస్తుంటుందనీ, పుస్తకంలోని అర్థం పెట్టి చదివితే పసిబిడ్డ ఎవరి చేతిలో ఓడిపోయినట్టనీ ఆమె అడిగారు. వయసుకు తగినట్టుగా బరువు పెరగని బిడ్డ విషయంలో డాక్టర్లు అలా రాస్తారు. మేడమ్ వెంటనే పుస్తకం మూయించి, బిడ్డ ఒళ్లు చేయడం, మొక్క ఏపుగా పెరగడం, కొత్త బడిలో పిల్లవాడు కుదురుకుని రాణించడం, ఇవన్నీ థ్రైవ్ అవుతాయని చెప్పారు. ఇందులో ఓడించవలసిన ప్రత్యర్థి ఉండడు, దాటవలసిన గీత కూడా ఉండదు. ఈ ఒక్క తేడా తెలిశాక మిగతా మాటలు వాటంతట అవే విడివడ్డాయి.

ఫ్లరిష్ పుట్టింది పువ్వు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి. ‘మూడు పువ్వులు ఆరు కాయలుగా’ అని మనం వ్యాపారం గురించి చెప్పేటప్పుడు సరిగ్గా అదే పువ్వు కనిపిస్తుంది కనుక, కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ వజ్రాల వ్యాపారం ఫ్లరిష్ అయిందన్న ఉదాహరణ నాకు ఇక మరచిపోయే అవకాశం లేదు. ప్రాస్పర్‌లో కలిమి వాసన ఎక్కువ, మన ‘వర్ధిల్లు’కు అది దగ్గర.

లోటు కూడా చెప్పాలి. ఆఫీసుల్లో రోజూ వినిపించే ‘పుల్ ఆఫ్’ (కష్టమైన పనిని నెగ్గుకురావడం), ‘మేక్ ఇట్’ వంటివాటికి పావుగంట కూడా ఇవ్వలేదు. ‘ఐ కుడ్ నాట్ మేక్ ఇట్’ అంటే చాలా సందర్భాల్లో ‘రాలేకపోయాను’ అని మాత్రమేనన్నది వివరంగా చెప్పవలసిన విషయం.

పుస్తకంలోని తప్పుల గురించి కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చాను, తరువాతి ముద్రణలో చూస్తామన్నారు. అంతవరకు చేరేవారు సొంత నోట్‌బుక్ తీసుకువెళ్లి, ఏసీ మోతకు వెనక బెంచీల్లో మేడమ్ గొంతు వినపడదు కనుక ముందు వరుసలోనే కూర్చోండి.